ట్రాలీకీ నెంబరు వుండాలి

మరిపెడ: మిర్చి, పత్తి మార్కెట్టుకు తరలే రోజుల్లో వరంగల్-ఖమ్మం రహదారిపై ట్రాక్టరు ట్రాలీలే ఎక్కువ. ఖర్చు కలిసివస్తుందని ఇనుము కొనిచ్చి వెల్డింగు షాపులో ట్రాలీ చేయించుకొనే రైతులు ట్రాక్టరుకు కాగితాలుంటే చాలుననుకొంటారు. అది పొరపాటు.

1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రాలీకి వేరుగా రిజిస్ట్రేషను వుండాలి. బీమా పాలసీలో ట్రాలీని కూడా రాయించాలి. రిజిస్ట్రేషనుకు తయారుచేసినవారి బిల్లు, బండి రోడ్డు మీద తిరగడానికి పనికివస్తుందన్న ధ్రువపత్రం కావాలి. అవి ఇవ్వలేని షాపులో చేయిస్తే బండి ఎంత గట్టిదైనా నెంబరు రావడం కష్టం. కనుక ఇనుము కొనకముందే రవాణా శాఖ కార్యాలయంలో విచారించుకోవాలి.

పల్లంలో దిగేటప్పుడు బరువు ట్రాలీ ట్రాక్టరును వెనుకనుంచి నెడుతుంది. అందుకే ట్రాలీకీ బ్రేకులుండాలి. హుక్కు పిన్ను వూడిరాకుండా అడ్డుపిన్ను, దానికి తోడు గొలుసు వేసుకోవాలి. వెనుక ఎర్ర దీపం, రిఫ్లెక్టర్లు లేకపోతే రోడ్డు పక్కన ఆగిన ట్రాలీ చీకట్లో మోటారుసైకిలు వారికి కనిపించదు.

ట్రాలీ సరుకుకే తప్ప మనుషులకు కాదు. 2018 ఏప్రిల్‌లో నల్గొండ జిల్లా వద్దిపట్ల వద్ద కూలీల ట్రాక్టరు కాలువలో పడి 9 మంది మరణించారు. అదే ఏడు జూన్‌లో యాదాద్రి జిల్లా వేములకొండ వద్ద మరో ట్రాక్టరు బోల్తాపడి 15 మంది చనిపోయారు. ట్రాలీలో ఎక్కించుకొన్న వారికి ప్రమాదం జరిగితే బీమా వర్తించకపోవచ్చు. అప్పుడు పరిహారం కట్టవలసింది యజమానే. అందుకు పొలం అమ్ముకోవలసి రావచ్చు.