నిలబడి ఉండగానే ఊపిరాగుతుంది!

పెద్ద మ్యాచ్‌కో, అభిమాన హీరో సినిమా వేడుకకో బయల్దేరుతున్నారా? ఇప్పుడు చాలా స్టేడియాల్లో ఏ గేటు నుంచి ఎంతమంది లోపలికి వచ్చారో కంట్రోల్ రూమ్ డాష్‌బోర్డ్ మీద క్షణాల్లో కనిపిస్తుంది. టికెట్ స్కాన్ చేసిన ప్రతిసారీ అంకె పెరుగుతుంది. కెమెరాలు తలలు లెక్కిస్తాయి. మంచిదే. వైద్యుడిగా నాకు కావాల్సింది మాత్రం మొత్తం అంకె కాదు. ఏ మూల ఎంత ఇరుకుగా ఉందన్నదే.

1989 ఏప్రిల్ 15న ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో, హిల్స్‌బరో మైదానంలో ఫుట్‌బాల్ సెమీఫైనల్. అక్కడ అప్పటికే గేట్ల దగ్గర కంప్యూటర్ లెక్క ఉంది. కాకపోతే నిలబడి చూసే స్టాండ్ మొత్తానికీ అది ఒకే అంకె చూపేది. ఆ స్టాండ్‌ను కంచెలతో అరలుగా విడగొట్టారు. బయట ఒత్తిడి తగ్గించడానికి పెద్ద గేటు తెరిచారు. అలా వచ్చినవాళ్లు లెక్కలోకి ఎక్కలేదు, ఎక్కువమంది నేరుగా మధ్య అరల్లోకే వెళ్లారు. పక్క అరల్లో చోటు మిగిలే ఉంది. స్టాండ్ పరిమితి 10,100. వచ్చినవాళ్లూ ఇంచుమించు అంతే. అయినా 97 మంది ప్రాణాలు పోయాయి.

మనం ‘తొక్కిసలాట’ అంటాం. ఆ మాట కొంత తప్పుదారి పట్టిస్తుంది. కింద పడినవారే కాదు, నిలబడి ఉన్నవారూ చనిపోతారు. ఊపిరి పీల్చాలంటే పక్కటెముకలు పైకి లేవాలి, ఛాతీ విచ్చుకోవాలి. ముందూ వెనకా మనుషులు అదిమేస్తే ముక్కూ నోరూ తెరిచే ఉన్నా గాలి లోపలికి వెళ్లదు. స్పృహ తప్పుతుంది. కొన్ని నిమిషాలు అలాగే ఉంటే గుండె ఆగుతుంది. అందుకే బ్రిటన్ భద్రతా నిబంధనలు నిలబడే చోట 10 చదరపు మీటర్లకు 47 మందిని మించనివ్వవు. చదరపు మీటరుకు ఆరేడుగురైతే జనం అలల్లా ఊగుతారు, మీ కాళ్లు మీ మాట వినవు.

ఇంకో చిక్కు. టికెట్ లెక్క గేటు లోపలికి వచ్చినవారిదే. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం గేట్ల దగ్గర 11 మంది చనిపోయారు. 2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాద్ సంధ్య థియేటర్ దగ్గర ఓ తల్లి ప్రాణం పోయింది. గేటు బయట ఆగిపోయినవారిని ఏ స్కానరూ లెక్కించదు.

కాబట్టి మీ కొలత మీరే పెట్టుకోండి. రెండు భుజాలకూ పక్కవాళ్లు తగలడం మొదలైందంటే అంచుకు వెళ్లిపోవాలి. చేయెత్తి ముఖం తాకలేకపోతే ఇప్పటికే ఆలస్యమైంది. అప్పుడు రెండు చేతులూ ఛాతీ ముందు మడిచి, ఊపిరికి కాస్త చోటు కాపాడుకోండి. కేకలు వేసి ఊపిరి ఖర్చు చేయొద్దు. తోపుకు ఎదురు నిలవకుండా, అది తగ్గినప్పుడల్లా ఏటవాలుగా పక్కకు జరగండి. ఫోన్ పడిపోతే వంగొద్దు, పోనీయండి. చిన్నపిల్లల్ని, గర్భిణుల్ని, ఉబ్బసం ఉన్నవారిని ఇలాంటి చోటికి తీసుకెళ్లకపోవడమే మేలు.

బయటికి తెచ్చిన మనిషికి స్పృహ, ఊపిరి లేకపోతే నీళ్లు తాగించొద్దు. గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు బలంగా నొక్కుతూ, పక్కవారితో 108కి ఫోన్ చేయించండి. నేర్చుకున్నవారైతే 30 నొక్కులకోసారి నోటితో రెండుసార్లు గాలి ఇవ్వాలి. నలిగి బయటపడ్డాక ఆయాసమో, ఛాతీనొప్పో ఉంటే ఇంటికి కాదు, ఆసుపత్రికి వెళ్లండి.