ప్రతిధ్వనులతో చూచిన కన్ను

శుక్రగ్రహమునందలి యొక పర్వతచిత్రమును తరగతి గోడకు తగిలించి, అక్కడి కొండలు ఇటీవలి కాలమున కూడ లావా క్రక్కినవని చెప్పుచుండగా, ముందు బల్లపై కూర్చున్న బాలిక యొకతె లేచి, “మాస్టారూ, అక్కడ మబ్బులు ఎప్పుడూ విడవవని మీరే చెప్పారు కదా, మరి ఈ ఫోటో ఎలా తీశారండీ?” అని యడిగినది. గంధకికామ్ల మేఘముల క్రింద 460 డిగ్రీల వేడిలో మ్రగ్గుచుండు ఆ నేలను చూచిన కన్నునకు వెలుతురుతో పనిలేదు. అది మాగెలాన్ వ్యోమనౌక మోసికొనిపోయిన రాడార్. ఎన్నిమార్లు తలపోసినను నాకు విసువు పుట్టని యుక్తి దానియందు కలదు.

1990 ఆగస్టులో శుక్రుని చేరిన ఆ నౌకకు ప్రధానమైనది 3.7 మీటర్ల వెడల్పు గల పళ్లెపు ఏంటెనా యొక్కటే. అదియును వాయేజర్ నౌకలకై చేయగా మిగిలినది. గ్రహమునకు దగ్గరగా వచ్చినపుడు ఆ పళ్లెము 12.6 సెంటీమీటర్ల రేడియో తరంగములను ప్రక్కవాటుగా నేలపైకి విసరి, మేఘములను దాటి మరలివచ్చు ప్రతిధ్వనులను పట్టి టేపులో దాచి, దూరముగా పోయినపుడు భూమివైపు తిరిగి, దాచిన దానినంతయు మనకు వినిపించెడిది.

ప్రతిధ్వని యెంత ఆలస్యముగా వచ్చెనో చూచినచో ఆ చోటు ఎంత దూరముననున్నదో తెలియును. కాని 300 కిలోమీటర్ల యెత్తునుండి అంత చిన్న పళ్లెము విసరిన కిరణము నేలను చేరునప్పటికి పది కిలోమీటర్ల వెడల్పున పరచుకొనును. అందలి గుట్టలును గోతులును ఒక్క మసకలో కలిసిపోవును. నూరు మీటర్ల వివరమును పట్టవలెనన్న కనీసము మూడు నాలుగు వందల మీటర్ల పళ్లెము కావలసియుండును. ఈ చిక్కును విడదీయు త్రోవ 1951లో గుడ్‌ఇయర్ విమాన సంస్థలోని కార్ల్ వైలీ అను ఇంజనీరునకు తోచినది. స్టేషనులో నిలిచి వినువానికి ఎదురువచ్చు రైలు కూత హెచ్చుస్థాయిని, దాటిపోవు రైలు కూత తగ్గుస్థాయిని వినబడును గదా. అట్లే నౌకకు ముందున్న రాయి పంపు ప్రతిధ్వని కొంచెము హెచ్చును, వెనుకబడిన రాయి పంపునది కొంచెము తగ్గును. ఆ స్థాయీభేదమును కొలిచి, ఒక్కొక్క రాయి తన యెదుటనుండి జరిగిపోవునంతసేపును పంపిన ప్రతిధ్వనులనన్నిటిని వరుస తప్పకుండ కూర్చినచో, నౌక ప్రయాణించిన దారి పొడవెంత కలదో అంత పొడవైన పళ్లెము ఒక్కసారిగా చూచినట్లు చిత్రము తేటపడును. నౌక పరుగే దాని కన్నును పెంచినదన్నమాట!

శుక్రుడు తన చుట్టు తాను తిరుగుటకు 243 దినములు పట్టును గనుక, అంతకాలమునకు గాని నౌక క్రిందికి నేలయంతయు ఒక పర్యాయము వచ్చెడిది కాదు. మొదటి పర్యాయము ఎడమవైపునకును రెండవ పర్యాయము కుడివైపునకును రాడార్ చూచుటచేత, ఒకే కొండ రెండు చిత్రములలో రెండు విధములుగా కనబడి పోల్చువారిని తికమక పెట్టెను. రాబర్ట్ హెరిక్, స్కాట్ హెన్స్లీ అను శాస్త్రజ్ఞులు ఆ పాత చిత్రములను ఓపికతో సరిపోల్చి 2023లో ఫలితము ప్రకటించిరి: ఈజిప్టు సత్యదేవత పేరు గల మాఆట్ మాన్స్ పర్వతము ప్రక్కన 1991 ఫిబ్రవరిలో 2.2 చదరపు కిలోమీటర్లు ఉండిన గుండ్రని అగ్నిబిలము, అక్టోబరునాటికి సుమారు 4 చదరపు కిలోమీటర్లకు పెరిగి, వంకర తిరిగి, అంచు దరిదాపుల వరకు లావాతో నిండినట్లు కనబడెను.

మరుసటి యేడు దవీదే సుల్కనీసే బృందము సిఫ్ మాన్స్ వాలునను నియోబీ మైదానమునను క్రొత్త లావా ప్రవాహముల జాడలను అదే చిత్రరాశియందు పట్టినది. మాగెలాన్ 1994లోనే శుక్రుని వాయుమండలమున అంతరించెను. నాసా, ఇస్రో కలిసి 2025 జూలైలో శ్రీహరికోటనుండి పంపిన నైసార్ ఉపగ్రహమునకును, పరుగుతో కన్నును పెంచుకొను ఆ యుక్తియే ప్రాణము.

ఇదంతయు చెప్పి ఆ బిలపు చిత్రములు రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టగా, ఆ బాలిక దగ్గరకు వచ్చి, రెండవదాని యంచు వెంబడి మెల్లగా వ్రేలు త్రిప్పి, “ఇది పెద్దదయింది మాస్టారూ” అన్నది.