రోహిణి కార్తె: రానున్న వారపు వాతావరణము

రోహిణి కార్తె ప్రవేశించినది. రోహిణి ఎండలకు రోళ్లు పగులునని పెద్దలు ఊరక అనలేదు. మే 25వ తేదీ ప్రాంతమున మొదలై సుమారు రెండు వారములు నడచు ఈ కార్తెలో ఎండయు, గాలివానయు వెంటవెంటనే వచ్చుచుండును. ఇట్టి దినములలో వాతావరణ సూచనలోని ఏ మాటకు ఎంత విలువ ఈయవలెనో ఇచట వివరింపబూనినాము.

మొదట ఎండ సంగతి. మధ్య, వాయవ్య భారతములందలి ఎండిన నేలలపై కాగిన గాలి తెలంగాణమును దాటి కోస్తావైపు వీచును. రామగుండము, కొత్తగూడెము, రెంటచింతల వేడికి పేరుపడిన తావులు. తీరమందలి పట్టణములను మధ్యాహ్నపు సముద్రపుగాలి సాధారణముగా కాపాడును. కాని పడమటిగాలి బలముగా వీచిననాడు ఆ చల్లగాలి ఆలస్యముగా వచ్చును, లేదా రానే రాదు. అపుడు మచిలీపట్నము, ఒంగోలు వంటి ఊళ్లును ఉడికిపోవును. బంగాళాఖాతమున తుపాను పుట్టి, మనకు తూర్పుగా ఉత్తరదిశకు సాగిపోయినపుడును ఇట్లే జరుగుట కద్దు. తుపానునకు పడమటివైపున నేలమీది పొడిగాలి వీచుటయే దీనికి కారణము.

మైదానములలో గరిష్ఠ ఉష్ణోగ్రత 40 డిగ్రీలకు తగ్గక, సాధారణముకంటె 4.5 డిగ్రీలైనను అధికమైనచో దానిని వడగాడ్పుగా ఎంచుదురు. 45 డిగ్రీలు చేరినచో పోలికతో పనిలేదు. తీరమున ఉక్కపోత అధికము గనుక 37 డిగ్రీలకే ఈ లెక్క మొదలగును. 2015 మే నెలాఖరున ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో వడదెబ్బకు రెండువేలమందికి పైగా మరణించిరి. కావున సూచనలో "వడగాడ్పు" అను మాట విన్ననాడు పొలము పనిని పొద్దెక్కకముందే ముగింపవలెను. దాహము కాకున్నను మంచినీరో, మజ్జిగయో త్రాగుచుండవలెను. ఇంటనున్న వృద్ధులను, పసివారిని కనిపెట్టి ఉండవలెను.

ఇక వాన సంగతి. సాయంకాలము ఈదురుగాలితో, పిడుగులతో వచ్చు జల్లు ఋతుపవనము కాదు. పగటి వేడికి తేమగాలి పైకెగసి మేఘమై, ఒక ఊర కురిసి పొరుగూరిని విడిచిపోవును. నైరుతి ఋతుపవనములు కేరళను తాకుటకు సాధారణపు తేదీ జూన్ 1. తెలుగునాట అంతటను వ్యాపించుటకు జూన్ రెండవ వారము దాటుటయు కలదు. 2023లో అవి కేరళకు జూన్ 8న వచ్చినవి. 2025లో మే 24ననే వచ్చినవి. అయినను ఆ యేడు మే నెలాఖరునుండి రెండు వారములకు పైగా ముందుకు కదలక నిలిచిపోయినవి. తొందరగా వచ్చినంతమాత్రమున వానలు నిలకడగా కురియునను పూచీ లేదు.

రైతు సొమ్ము ఇచటనే చిక్కుపడుచున్నది. తొలిజల్లుకే పత్తిగింజ పెట్టి, పదిదినములు వాన లేకపోయినచో మొలక మాడును. రెండవమారు విత్తనములకు అప్పు చేయవలసివచ్చును. 60 నుండి 75 మిల్లీమీటర్ల వాన పడి, నేల లోతుగా తడిసిన పిమ్మటనే పత్తి విత్తవలెనని వ్యవసాయశాస్త్రజ్ఞులు చెప్పుదురు.

సూచనలోని మాటలకు కొలతలు కలవు. "ఒకటి రెండు చోట్ల" వాన అనగా, వర్షము కొలుచు కేంద్రములలో నాల్గవవంతునకు మించని చోట్ల పడునని భావము. "కొన్ని చోట్ల" అనగా సగము వరకు. "అనేక చోట్ల" అనగా ముప్పాతిక వరకు. మొదటి మాట విని విత్తనము బయటికి తీయరాదు. హెచ్చరికలలో పసుపురంగు గమనించియుండుమనియు, నారింజరంగు సిద్ధపడుమనియు, ఎరుపు వెంటనే జాగ్రత్తలు తీసికొనుమనియు తెలుపును.

వారము మొత్తమునకు ఇచ్చు సూచనలో మొదటి రెండు మూడు దినముల మాట గట్టిది. ఆరవ, ఏడవ దినముల మాట దిక్కు చూపునే గాని తిథి చెప్పదు. ఏలన, గాలి నడకలోని స్వల్పభేదములు దినదినమునకు పెరిగి లెక్కను మార్చును. అందుచేత వారమునకొకమారు విని ఊరుకొనక, ప్రతిదినమును వినవలెను.

ఈ కార్తెలో రానున్న వారమున ఎదురుచూడదగినవి ఇవి: లోపలి జిల్లాలలో తీవ్రమైన ఎండ, తీరమున ఉక్క, సాయంకాలములందు అక్కడక్కడ గాలివాన. ఉరుము విన్నంతనే చెట్టు నీడను విడిచి ఇంటిలోనికి చేరవలెను. దుక్కి సిద్ధము చేసికొనుటకు ఈ జల్లులు చాలును. విత్తుటకు మాత్రము మృగశిర వానలు నేలను బాగుగా తడుపువరకు ఓపికపట్టుడని రైతుసోదరులకు మా మనవి.