రుమాలు కింద వేళ్లు.. ఫోన్ మీద బొటనవేలు

బోర్డు మీద గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ అని ఉండేది. జనం నోట్లో మాత్రం అది కొత్తపేట పండ్ల మార్కెట్టే. ఎండాకాలం వచ్చిందంటే చాలు, దిల్‌సుఖ్‌నగర్ దాటగానే మామిడి లారీలు, ఆటోలు, గడ్డి, తట్టలు, ట్రాఫిక్ జామ్. 2021లో మార్కెట్ బాటసింగారం వైపు వెళ్లిపోయింది. ఆ జాగాలో సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రికి 2022 ఏప్రిల్ 26న శంకుస్థాపన జరిగింది. ఇప్పటికీ కొంతమంది ఆటోవాళ్లకి "పండ్ల మార్కెట్ దగ్గర ఆపు" అంటేనే అర్థమవుతుంది. మార్కెట్ లేదు, గుర్తు మాత్రం మిగిలింది!

ఈ వ్యాసం అలాంటి గుర్తుల గురించే. మనుషులు, జంతువులు, ఇప్పుడు ఫోన్లు కూడా మాటల్లేకుండా ఎలా మాట్లాడుకుంటాయి, ఆ మాట ఎవరికి అర్థమవుతుంది, ఎవరికి కాదు.. అదన్నమాట సంగతి.

రుమాలు భాష

మన దేశంలో చాలా పండ్ల మార్కెట్లలో, పశువుల సంతల్లో తరతరాలుగా నడిచిన బేరం ఒకటుంది. ఇద్దరు చెయ్యీ చెయ్యీ కలుపుతారు. పైన ఒక తువ్వాలో రుమాలో కప్పుతారు. అంతే, ఇక మాటల్లేవు. కింద వేళ్లు మాట్లాడుకుంటాయి. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, రెండు పట్టుకుంటే రెండు, చెయ్యంతా పట్టుకుంటే అయిదు. అది వందలా వేలా అన్నది సరుకును బట్టి ఇద్దరికీ ముందే తెలుసు. మిగతా అంకెలకి ఒక్కో సంతలో ఒక్కో లెక్క. ఒకాయన తల అడ్డంగా ఊపుతాడు, ఇంకొకాయన ఇంకో వేలు నొక్కుతాడు. నిమిషంలో బేరం తెగిపోతుంది. చుట్టూ పదిమంది నిలబడి చూస్తున్నా ఎవరికీ రేటు తెలియదు.

తెలివైన పద్ధతే. గోలలో మాట వినపడకపోయినా పర్లేదు. పక్కవాడు రేటు విని పోటీకి రాడు. తక్కువ ధర అడిగినా పదిమందిలో పరువు పోదు. గల్ఫ్ దేశాల్లో ముత్యాల వ్యాపారులు కూడా ఇలాగే గుడ్డ కింద బేరాలాడేవాళ్లు.

కానీ ఒక్క ప్రశ్న. పండ్ల మార్కెట్‌లో ఆ రుమాలు కింద ఉన్న చేతులు ఎవరివి? ఒకటి కమీషన్ ఏజెంటుది, ఇంకోటి కొనేవాడిది. సరుకు తెచ్చిన రైతు చేతులు బయట ఉన్నాయి. ఏడాదంతా తోట కాసిన మనిషికి కనిపించేది రుమాలు మాత్రమే. భాష అందరి ముందే నడుస్తోంది, ఆయనకి మాత్రం వినిపించడం లేదు. గుర్తుల బలం, ప్రమాదం రెండూ ఇక్కడే ఉన్నాయి.

'రైట్' అంటే కుడివైపు కాదు

చార్లెస్ పర్స్ అనే అమెరికన్ తాత్వికుడు గుర్తుల్ని మూడు రకాలుగా విడదీశాడు. మన భాషలో చెప్పుకుంటే చాలా తేలిక. పొగ కనిపిస్తే నిప్పు ఉన్నట్టు. ఇక్కడ ఎవరూ ఒప్పందం చేసుకోలేదు, ప్రకృతే చెప్తోంది. ఇది మొదటి రకం. మెట్రో స్టేషన్‌లో టాయిలెట్ బయట ఉండే ఆడ, మగ బొమ్మలు రెండో రకం. పోలిక చూసి అర్థం చేసుకుంటాం. మూడోదే అసలైంది. ఏ పోలికా లేదు, ఏ సంబంధమూ లేదు, కేవలం "ఇకనుంచి దీని అర్థం ఇది" అని అందరం ఒప్పుకున్నాం.

సిటీ బస్సే తీసుకోండి. కండక్టర్ "హోల్డాన్" అంటే బస్సు ఆగుతుంది, "రైట్ రైట్" అంటే కదులుతుంది. రైట్ అన్నాడు కదా అని ఏ డ్రైవరూ కుడివైపు తిప్పడు. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ వచ్చే మెట్రోని రెడ్ లైన్ అంటాం. కింద రోడ్డు మీద ఎరుపు పడితే ఆగాలి, పైన ఎరుపు లైను ఎక్కితే పోతాం. గడపకి రాసే కుంకుమలో అదే ఎరుపు శుభం. రంగు ఒక్కటే, ఒప్పందాలు మూడు.

మనం మాట్లాడే మాటలు కూడా ఇంతే. 'నీళ్లు' అన్న శబ్దంలో తడి ఏమీ లేదు. తెలుగువాళ్లమంతా ఒప్పుకున్నాం కాబట్టి దాహం తీరుతోంది.

తేనెటీగ పంపే లొకేషన్

మరి జంతువుల సంగతి? హైదరాబాద్‌లో పెద్ద అపార్ట్‌మెంట్ల పైఅంతస్తుల్లో, వాటర్ ట్యాంకుల కింద పెద్ద పెద్ద తేనెపట్టులు వేలాడుతుంటాయి, చూసే ఉంటారు. అక్కడ రోజూ లొకేషన్ షేరింగ్ జరుగుతుంది. పూలున్న చోటు కనిపెట్టిన ఈగ తిరిగొచ్చి నిలువు పట్టు మీద ఒళ్లు ఊపుతూ నడుస్తుంది. నిట్టనిలువుగా పైకి నడిస్తే "సూర్యుడి వైపే పోండి" అని. నిలువు గీతకి 40 డిగ్రీలు కుడిగా నడిస్తే "సూర్యుడికి 40 డిగ్రీలు కుడిగా పోండి" అని. ఎంతసేపు ఊపితే అంత దూరం. ఈ నాట్యం గుట్టు విప్పిన కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కి 1973లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఇది పుట్టుకతో వచ్చేస్తుందా? చాలావరకు అవును. కానీ పెద్ద ఈగల నాట్యం చూడకుండా పెరిగిన కుర్ర ఈగలు దిశ, దూరం తప్పుగా చెప్తాయని 2023లో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది. అనుభవం మీద దిశ సరిచేసుకున్నాయి కానీ దూరం లెక్క మాత్రం చివరిదాకా కుదరలేదు. సీనియర్లు లేని టీమ్ పరిస్థితి అన్నమాట!

కెన్యాలోని అంబోసెలిలో వెర్వెట్ కోతులది ఇంకో కథ. చిరుతని చూస్తే ఒక కేక, గద్దని చూస్తే ఇంకో కేక, పాముకి మూడో కేక. 1980లో సైఫార్త్, చీనీ, మార్లర్ అనే శాస్త్రవేత్తలు ఆ కేకల్ని రికార్డు చేసి, అసలు జంతువేదీ లేనప్పుడు స్పీకర్లో వినిపించారు. చిరుత కేక వింటే కోతులు చెట్టెక్కాయి, గద్ద కేక వింటే ఆకాశం చూశాయి, పాము కేక వింటే నేల వైపు చూశాయి. పిల్ల కోతులు మాత్రం ఏ ప్రమాదమూ లేని పిట్టని చూసి కూడా "గద్ద, గద్ద" అని అరుస్తాయి. పెరిగేకొద్దీ ఏది గద్దో తెలుసుకుంటాయి.

ఇక మోసం. మన కరెంటు తీగల మీద చీలిన తోకతో నల్లగా కూర్చునే పిట్టకి ఆఫ్రికాలో ఒక చుట్టం ఉంది. పేరు డ్రోంగో. కలహారి ఎడారిలో మీర్‌క్యాట్‌లు తిండి దొరికించుకోగానే ఇది ఉత్తుత్తి ప్రమాద కేక వేస్తుంది. అవి పారిపోతాయి, ఇది తిండి ఎత్తుకుపోతుంది. అదే కేక పదేపదే వేస్తే నమ్మరు కదా, మన 'నాన్నా పులి' కథలోలాగ. అందుకని ఇది కేక మారుస్తుంది, వేరే జీవుల ప్రమాద కేకల్ని అనుకరిస్తుంది. నమ్మకం ఉన్నచోటే మోసం పని చేస్తుందని పిట్టకి కూడా తెలిసినట్టే ఉంది.

గంగిరెద్దు తల ఊపింది.. ఎవరికి?

సంక్రాంతికి కాలనీల్లోకి గంగిరెద్దు వస్తుంది. "అయ్యగారికి దండం పెట్టు" అంటే తల ఊపుతుంది. "అమ్మగారు చీర పెడతారా?" అంటే మళ్లీ ఊపుతుంది. మనం ఎద్దుకి మాట అర్థమైందని మురిసిపోతాం. నిజానికి అది ఆడించేవాడి గొంతు, చేతి కదలిక, తాడు సైగ చదువుతోంది.

వందేళ్ల కింద జర్మనీ మొత్తం ఇలాగే మురిసిపోయింది. హాన్స్ అనే గుర్రం లెక్కలు చేస్తుందని, జవాబు గిట్టతో కొట్టి చెప్తుందని పెద్ద పేరు. 1904లో ఏకంగా నిపుణుల కమిటీ వేశారు, ఏ మోసమూ దొరకలేదు. చివరికి 1907లో ఆస్కర్ ఫంగ్‌స్ట్ అనే మానసిక శాస్త్రవేత్త అసలు సంగతి బయటపెట్టాడు. ప్రశ్న అడిగిన మనిషికి జవాబు తెలియకపోతే గుర్రానికీ తెలియడం లేదు! సరైన అంకె దగ్గరికి రాగానే అడిగిన మనిషి తల, ముఖం తెలియకుండానే కొద్దిగా కదులుతున్నాయి. గుర్రం అది చూసి ఆగిపోతోంది.

అంటే గుర్రానికి లెక్కలు రావు, కానీ మనుషుల్ని చదవడం మనకంటే బాగా వచ్చు. మనం పంపుతున్నామని మనకే తెలియని గుర్తుల్ని ఎదుటివాళ్లు చదివేస్తుంటారు.

బొటనవేలు ఖరీదు

ఇప్పుడు మన ఫోన్ల దగ్గరికి వద్దాం. 1999లో జపాన్ కంపెనీ ఎన్‌టీటీ డొకొమో కోసం షిగెటాకా కురిటా 176 చిన్న బొమ్మలు గీశాడు. ఎమోజీలు ఊపందుకున్నది అక్కడే. మనం నమస్కారం అనుకుని పంపే రెండు చేతుల బొమ్మ జపాన్‌లో "ప్లీజ్" లేదా "థాంక్స్". బొమ్మ ఒక్కటే, ఒప్పందం మారింది.

మరి బొటనవేలు? మా ఆఫీస్ చాట్‌లో రోజుకి వంద కనిపిస్తాయి. కొందరికి దాని అర్థం "చూశాను". కొందరికి "ఒప్పుకున్నాను". ఇంకొందరికి "ఇక మెసేజ్ ఆపు తల్లీ". కెనడాలో ఒక రైతుకి ఈ తేడా చాలా ఖరీదైంది. ధాన్యం కొనే కంపెనీ 2021లో అవిసె గింజల కాంట్రాక్టు ఫోటో తీసి ఆయన ఫోన్‌కి పంపింది. ఆయన బొటనవేలు పెట్టాడు. సరుకు మాత్రం పంపలేదు. "కాంట్రాక్టు అందింది అని మాత్రమే చెప్పాను" అన్నది ఆయన వాదన. సస్కాచెవాన్ కోర్టు 2023లో "కాదు, అది సంతకమే" అంది. అంతకుముందు ఇద్దరి మధ్య ఒప్పందాలు ఇలాంటి ఒకటి రెండు మాటల మెసేజ్‌లతోనే నడిచాయన్నది అందులో ఒక ముఖ్య కారణం. దాదాపు 82 వేల కెనడా డాలర్లు కట్టమంది.

ఇంజనీరింగ్‌లో నెట్‌వర్క్స్ చదివినవాళ్లకి ఇక్కడ ఒక పాత పాఠం గుర్తురావాలి. రెండు కంప్యూటర్లు టీసీపీలో మాట్లాడేముందు మూడుసార్లు పలకరించుకుంటాయి. "వింటున్నావా?" "వింటున్నా, నువ్వు?" "ఆ, నేనూ వింటున్నా." ఆ తర్వాతే అసలు డేటా. ప్రతి ముక్కకీ "అందింది" అని జవాబు వస్తుంది. 'అందింది' అంటే అందింది అనే. 'ఒప్పుకున్నా' అని కాదు. మెషీన్లకి ఈ రెండిటికీ తేడా ముందే రాసిపెట్టారు. మనుషులం మాత్రం రెండిటికీ ఒకే బొటనవేలు వాడుతున్నాం. అందుకే డబ్బు, సెలవు, డెడ్‌లైన్ లాంటి విషయాలకి బొమ్మ పెట్టి వదిలేయకండి. "చూశాను, సాయంత్రం చెప్తాను" అని ఒక్క లైను రాయండి. కోర్టు ఖర్చు కంటే చౌక.

డప్పు ఎవరిది, మాట ఎవరిది

ఊళ్లలో డప్పుకి ఒక భాష ఉంది. పెళ్లికి ఒక దరువు, జాతరకి ఒకటి, చావుకి ఇంకోటి. ఏం జరిగిందో దూరం నుంచే తెలిసిపోతుంది. ఊరంతటికీ చెప్పాల్సిన కబురుంటే డప్పు కొట్టి దండోరా వేయించేవాళ్లు. డప్పు కొట్టింది ఎక్కువగా మాదిగలు. కానీ ఆ కబురు వాళ్లది కాదు, ఊరి పెద్దలది. వాయిద్యం వాళ్ల చేతిలో, అర్థం ఇంకొకరి చేతిలో.

1994లో మంద కృష్ణ మాదిగ నాయకత్వంలో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి ఎస్సీ వర్గీకరణ కోసం మొదలైంది. జనం ఆ ఉద్యమాన్ని దండోరా అనే పిలిచారు. అదే డప్పు, ఈసారి కబురు కూడా కొట్టేవాళ్లదే. వర్గీకరణ చెల్లుతుందని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు చెప్పింది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో అమల్లోకి వచ్చింది. ఒక గుర్తు అర్థాన్ని మార్చుకోవడానికి ముప్పై ఏళ్లు కొట్టారు.

ఎవరూ చదవలేని గుర్తు

ఇప్పుడు మన జీవితంలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే గుర్తు నలుపు తెలుపు గళ్ల క్యూఆర్ కోడ్. 1994లో జపాన్‌లో డెన్సో వేవ్ కంపెనీ కార్ల విడిభాగాల లెక్క కోసం తయారుచేసింది. ఇవాళ కొత్తపేట రైతుబజార్ నుంచి బజ్జీల బండి దాకా అదే. 2021లో గంగిరెద్దు నుదుటి మీద క్యూఆర్ కోడ్ కట్టిన వీడియో దేశమంతా తిరిగింది. కేంద్ర ఆర్థిక మంత్రి కూడా షేర్ చేశారు.

ఒక్కసారి ఆలోచించండి. మనిషి తయారుచేసిన గుర్తుల్లో దీన్ని అమ్మేవాళ్లు చదవలేరు, కొనేవాళ్లూ చదవలేరు. ఫోన్ ఒక్కటే చదువుతుంది. రుమాలు కింద కనీసం ఇద్దరికి రేటు తెలిసేది. ఇక్కడ బండి మీది స్టిక్కర్ పైన ఎవరైనా తమ స్టిక్కర్ అతికించి పోతే బండావిడకి చూసి కనిపెట్టే దారే లేదు. డబ్బు పడిందని గట్టిగా అరిచే స్పీకర్ డబ్బా అందుకే ముఖ్యం. చదవలేని గుర్తుని అది మళ్లీ మనిషి భాషలోకి తెస్తుంది.

మార్కెట్లలో కూడా ఇలాంటి ప్రయత్నమే జరుగుతోంది. 2016 ఏప్రిల్ 14న మొదలైన ఈ-నామ్‌లో వ్యాపారులు రేట్లు ఆన్‌లైన్‌లో వేస్తారు. నిజామాబాద్ పసుపు అలా అమ్ముడవుతోంది. రుమాలు పోయి స్క్రీన్ వచ్చింది, మంచిదే. కానీ కొనేవాళ్లంతా ముందే ఫోన్‌లో మాట్లాడుకుని ఒకే రేటు వేస్తే స్క్రీన్ కూడా రుమాలే. గుడ్డ తీసేస్తే సరిపోదు, రైతుకి ఆ భాష రావాలి. ఎవరు ఎంత వేశారు, ఎందుకు వేశారు, వద్దనే హక్కు తనకి ఉందా అన్నది తెలియాలి.

కోతి కేక చుట్టుపక్కల కోతులన్నిటిదీ. తేనెటీగ నాట్యం పట్టులో ఉన్న ఈగలన్నిటిదీ. అందరి మధ్యా నిలబడి కొందరికే అర్థమయ్యేలా గుర్తులు తయారుచేయడం మనిషికి బాగా వచ్చిన విద్య. కాబట్టి కొత్త గుర్తు ఏది కనిపించినా రెండు ప్రశ్నలు వేసుకోండి. దీని అర్థం ఎవరు నిర్ణయించారు? ఆ ఒప్పందంలో నేనున్నానా?

ముందుగా ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్‌తో మొదలుపెట్టండి. ఒక్క వాక్యం చాలు: "అమ్మా, డబ్బు మనకి రావాలంటే స్కాన్ చేయక్కర్లేదు, పిన్ కొట్టక్కర్లేదు. పిన్ అడిగారంటే మన డబ్బు పోతున్నట్టే." ఆ గళ్ల బొమ్మ భాషలో ఆవిడకి రావాల్సిన మొదటి వాక్యం అదే.