ఎలర్జీ మాత్రలు: వాడుకలో జాగ్రత్తలు

ఢిల్లీ సరిహద్దును ఆనుకొని, ఉత్తర ప్రదేశములోని ఘాజియాబాదు జిల్లాలో వైశాలి యున్నది. అక్టోబరు, నవంబరు మాసములలో పొలములయందు వరికొయ్యలు కాల్చిన పొగ, వాహనముల పొగ, కట్టడముల దుమ్ము కలిసి ఇచ్చటి గాలి చెడిపోవును. వసంతకాలమున పుప్పొడి తోడగును. తుమ్ములు, ముక్కు కారుట, కన్నుల దురద కనిపించగానే మందుల అంగడిలో ఒక మాత్ర కొని మ్రింగుట పలువురికి అలవాటు. ఆ మాత్ర మేలు చేయునదే. కాని తెలిసి వాడవలెను.

శరీరమునకు పడని వస్తువు సోకినపుడు కొన్ని కణములు హిస్టమిన్ అను పదార్థమును విడుదల చేయును. తుమ్ములకు, దురదకు, దద్దురులకు అదియే ముఖ్యకారణము. ఈ మాత్రలు హిస్టమిన్ పనిని అడ్డగించును. ఇట్టి మందులకు దారి చూపిన డేనియల్ బోవే అను శాస్త్రజ్ఞునికి 1957లో నోబెల్ బహుమానము లభించినది. అయితే పొగవలన కలిగిన కండ్లమంటకు, గొంతు మంటకు ఈ మాత్ర అంతగా పనిచేయదు. పొగకు దూరముగా నుండుటయే దానికి మందు.

ఈ మాత్రలు రెండు తరములవి. పాతతరమునకు చెందిన క్లోర్‌ఫెనిరమిన్, ప్రోమెథజిన్ మెదడును చేరి మగతను కలిగించును. రాత్రి మ్రింగిన మాత్ర మత్తు మరునాటి ఉదయము వరకు నిలువవచ్చును. క్రొత్తతరమునకు చెందిన లోరటడిన్, ఫెక్సోఫెనడిన్ మగతను తక్కువగా కలిగించును. సెటిరిజిన్ సైతము క్రొత్తదే యైనను కొందరికి నిద్ర తెప్పించును. తనకు మగత కలుగునో లేదో తెలియువరకు వాహనము నడుపరాదు; యంత్రములవద్ద పనిచేయరాదు. మద్యముతో కలిపి ఏ మాత్రయు తీసికొనరాదు.

పెద్దలకు సెటిరిజిన్ 10 మిల్లీగ్రాములు దినమునకు ఒకసారి చాలును. గుణము త్వరగా కనబడలేదని రెండవ మాత్ర వేసికొనరాదు. జలుబు మాత్రలు పెక్కింటిలో క్లోర్‌ఫెనిరమిన్ కలిసియుండును. కావున జలుబు మాత్రయు ఎలర్జీ మాత్రయు ఒకేదినమున వాడుటకు ముందు అట్టపై పేర్లు చదువవలెను. ఫెక్సోఫెనడిన్‌ను పండ్లరసముతో గాక మంచినీటితో మ్రింగవలెను.

నాలుగేండ్లలోపు పిల్లలకు క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన జలుబు మందు వాడరాదని సీసాపై ముద్రింపవలెనని 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణాధికారి ఆదేశించెను. గర్భిణులు, పాలిచ్చు తల్లులు, మూత్రపిండముల వ్యాధి గలవారు వైద్యుని అడిగిన పిమ్మటనే మాత్ర వాడవలెను. నీటికాసులు గలవారికి, మూత్రము ధారాళముగా రాని వృద్ధులకు పాతతరపు మాత్రలు తగవు.

ముక్కుదిబ్బడకు వాడు ఆక్సీమెటజోలిన్, జైలోమెటజోలిన్ చుక్కలను నాలుగైదు దినములకు మించి వాడినచో దిబ్బడ తగ్గుటకు మారుగా పెరుగును. డెక్సామెథసోన్, బీటామెథసోన్ వంటి స్టెరాయిడ్ మాత్రలను ఎలర్జీకి సొంతముగా కొని వాడుట మిక్కిలి ప్రమాదకరము. అవి చక్కెరను, రక్తపుపోటును పెంచును; అంటురోగములను ఎదుర్కొను శక్తిని తగ్గించును. అట్టపై ఎఱ్ఱగీత గల మందును వైద్యుని చీటి లేనిదే కొనరాదు.

నాలుక, పెదవులు వాచుట, ఊపిరాడకపోవుట, గొంతు బిగియుట, స్పృహ తప్పుట కనిపించినచో అది ప్రాణాపాయము. అప్పుడు మాత్ర మ్రింగి వేచియుండరాదు. దానికి తగిన మందు అడ్రినలిన్ సూదిమందు. వెంటనే 108కి గాని 112కి గాని ఫోను చేసి రోగిని ఆసుపత్రికి చేర్చవలెను.