పళ్ళెం మీద నంబరు, ఇంటర్నెట్‌లో నంబరు



ఇంటర్నెట్‌లో మనం ఏం చూసినా ఎవరికీ తెలియదని కొంతమంది అనుకుంటారు. ఫోన్ తెరిస్తే చాలు, మన గుమ్మం దాకా తెలిసిపోతాదని ఇంకొంతమంది భయపడతారు. రెండూ సరి కాదు.

మన హాస్టల్లో ప్రతి ఒక్కరి పళ్ళెం మీదా, ట్రంకు పెట్టె మీదా ఒక నంబరు ఉంది కదా. పళ్ళెం ఎక్కడైనా దొరికితే నంబరు కనిపిస్తుంది గాని పేరు కనిపించదు. పేరు కావాలంటే ఆఫీసు రూములో రిజిస్టరు తియ్యాలి. ఐపీ అడ్రసు అంటే అచ్చం ఇలాంటిదే. ఫోనుగాని కంప్యూటరుగాని ఇంటర్నెట్‌లోకి వెళ్ళేటప్పుడు కంపెనీవాళ్ళు దానికి ఒక నంబరు ఇస్తారు. 203.0.113.25 ఇలాగ నాలుగు ముక్కలు, ఒక్కో ముక్క 0 నుంచి 255 వరకు. (ఈ నంబరు ఎవరిదీ కాదు. ఉదాహరణల కోసమని విడిగా ఉంచినది.) మనం అడిగిన పేజీ తిరిగి ఎక్కడికి పంపాలో అవతలివాళ్ళకి తెలియాలి. ఉత్తరం మీద మన అడ్రసు లేకపోతే జవాబు ఎలాగ వస్తాది? అందుకే ఈ నంబరు లేకుండా ఇంటర్నెట్ లేదు.

ఈ నంబరు చూసి బయటివాళ్ళకి ఏటి తెలుస్తాది? ఏ కంపెనీ లైనో తెలుస్తుంది. ఊరు సుమారుగా తెలుస్తుంది. 532221 అనే పిన్ చూస్తే పలాస అని చెప్పగలం, ఏ వీధో ఏ ఇల్లో చెప్పలేం. ఐపీ అంత కూడా చెప్పదు. టెక్కలిలో ఉన్న ఫోనుకి విశాఖపట్నం అనో హైదరాబాదు అనో చూపించవచ్చు, ఎందుకంటే కంపెనీ పెద్ద యంత్రాలు ఆ ఊళ్ళలో ఉంటాయి.

పైగా నంబర్లు చాలవు. 1981లో ఈ పద్ధతి పెట్టినప్పుడు మొత్తం సుమారు 429 కోట్ల నంబర్లు వచ్చాయి. ఇప్పుడు ప్రపంచ జనాభాయే 800 కోట్లు దాటింది. అందుకని చాలా పొడవైన కొత్తరకం నంబర్లు తెచ్చారు. పాతరకంలో మాత్రం ఒకే నంబరు వెనకాల వందలమంది ఫోన్లు ఉండొచ్చు. ఈ రోజు నాకు వచ్చిన నంబరు రేపు సోంపేటలో ఇంకొకరికి వెళ్ళొచ్చు. పదో తరగతి అప్పలు వెళ్ళిపోయాక వాళ్ళ పళ్ళెం నంబర్లు చిన్న గుంటలకి ఇస్తారు కదా, అలాగన్నమాట.

కాబట్టి అసలు సంగతి నంబరులో లేదు, రిజిస్టరులో ఉంది. ఏ నంబరు ఏ రోజు ఏ గంటకి ఎవరి దగ్గర ఉందో కంపెనీ రాసి ఉంచుతుంది. కనీసం రెండేళ్ళు ఉంచాలని ప్రభుత్వం షరతు పెట్టింది. నేరం జరిగితే పోలీసులు ఆ వివరం అడుగుతారు. అది మంచిదే. కాని రిజిస్టరు తప్పయితే?

2007లో అలాగే జరిగింది. శివాజీ మహారాజుని అవమానించే బొమ్మ ఒకటి ఆర్కుట్‌లో ఎవరో పెట్టారు. పూణె పోలీసులు ఐపీ అడ్రసు పట్టుకుని, ఇది ఎవరిదని కంపెనీని అడిగారు. కంపెనీ చెప్పిన పేరు బట్టి బెంగళూరులో ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరుని అరెస్టు చేశారు. ఆ ఐపీ అతనిది కాదని తరవాత తేలింది. అప్పటికి 50 రోజులు జైల్లో ఉన్నాడు. 41 రాయబోయి 47 రాస్తే పళ్ళెం మారుతుంది, అంతే. ఇక్కడ మనిషే మారిపోయాడు.

ఇప్పుడు మన ఉద్దానం సంగతి. కిడ్నీ జబ్బు ఉన్న ఇంట్లో పిల్లలు 'క్రియాటినిన్ ఎంత ఉండాలి' అని ఫోన్లో వెతుకుతారు. ఆ ఇంట్లో జబ్బు ఉందని తెలిస్తే పెళ్ళి సంబంధాలు వెనక్కి పోతాయని పెద్దలకి దిగులు. మరి అది ఎవరికి తెలుస్తాది? అడ్రసు ముందు https ఉంటే, గూగుల్‌కి వెళ్ళారని ఫోన్ కంపెనీకి తెలుస్తుంది, ఏమి రాశారో తెలియదు. గూగుల్‌కి మాత్రం రాసిన మాట తెలుస్తుంది. మన పేరుతో లాగిన్ అయి ఉంటే ఐపీతో పనే లేదు, పేరు మనమే ఇచ్చేశాం. 'ఇన్‌కాగ్నిటో' అన్నది మన ఫోన్లో జాబితా మిగలకుండా చేస్తుంది, అంతే. ఐపీని దాచదు. ఇది చాలామందికి తెలీదు.

మా కొండమీద ఊళ్ళో ఇంటికి నంబరు లేకపోయినా అందరికీ అందరూ తెలుసు. అయినా కొన్ని మాటలు అమ్మ నాతోనే చెప్తాది, గుమ్మం దాటనివ్వదు. ఆ హక్కు రాజ్యాంగంలో ఉందని సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది జడ్జీలు 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో చెప్పారు. 2023లో చేసిన చట్టంలో, 18 ఏళ్ళు నిండనివాళ్ళ వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల ఒప్పుదల కావాలని రాశారు. వేలిముద్ర వేసే అమ్మలు దేనికి ఒప్పుకుంటున్నారో ఎవరు చదివి చెప్తారు అన్నది నా ప్రశ్న.

ఐపీ కంటే ఎక్కువ బయటపడేది నెట్ సెంటర్లో. కాశీబుగ్గలోనో టెక్కలిలోనో స్కాలర్‌షిప్ అప్లికేషన్ పెట్టించినప్పుడు ఆధార్, కులధ్రువపత్రం, బ్యాంకు పుస్తకం అన్నీ ఆ కంప్యూటర్లో డౌన్‌లోడ్స్ అనే చోట ఉండిపోతాయి. లేచే ముందు అవి తీసేయమనాలి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయమనాలి, మన లాగిన్ మూయించాలి. నేను మొన్న సెలవుల్లో అడిగాను. ఆయన కోప్పడలేదు, "ఏ తరగతమ్మా?" అని అడిగి తీసేశాడు.

– 9వ తరగతి