చక్రపు హబ్ బేరింగులు: తీయడం, బిగించడం

మోటారు సైకిల్ ముందు చక్రాన్ని నేలకు తగలకుండా నిలిపి, పక్కలకు కదిపి చూడండి. చక్రం ఊగినా, తిప్పినప్పుడు గరగరమన్నా హబ్‌లోని బేరింగులు అరిగాయని అనుమానించాలి.

ఈ పనిలో గుర్తుంచుకోవలసిన సూత్రం ఒక్కటే: హబ్‌లో బిగుతుగా కూర్చునేది బేరింగు బయటి రేస్. కాబట్టి కొత్తది ఎక్కించేటప్పుడు దెబ్బ దాని మీదే పడాలి. లోపలి రేస్‌పై కొడితే ఆ బలం బాల్స్ గుండా పోయి, అవి దొర్లే గాడిలో గుంటలు చేస్తుంది. కొత్త బేరింగు బండి ఎక్కకముందే పాడవుతుంది.

తీయడం: ఇరుసును, ఆయిల్ సీళ్లను తీయండి. బేరింగుల మధ్యనున్న స్పేసర్ గొట్టాన్ని కొంచెం పక్కకు జరిపి, ఇవతలి నుంచి కడ్డీ దూర్చి, అవతలి బేరింగు లోపలి రేస్‌పై చుట్టూ మార్చిమార్చి కొట్టండి. బయటి రేస్ కడ్డీకి అందదు. అందుకే ఇలా తీసిన బేరింగును మళ్లీ వాడరాదు.

బిగించడం: 6301 బేరింగు బయటి వ్యాసం 37 మి.మీ. అల్యూమినియం హబ్‌ను 30 నుంచి 80 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేస్తే ఆ రంధ్రం సుమారు 0.04 మి.మీ. పెరుగుతుంది, బేరింగు సులువుగా దిగుతుంది. బయటి రేస్‌కు మాత్రమే ఆనే సాకెట్‌తో మొదటి బేరింగును అడుగుదాకా దించండి. తరువాత స్పేసర్ పెట్టి, రెండోదాన్ని స్పేసర్‌కు తగిలేదాకా దించి ఆపండి. స్పేసర్ మరిచితే ఇరుసు నట్టు బిగించగానే లోపలి రేస్‌లు ఒకదానివైపు మరొకటి నెట్టుకుపోయి బేరింగులు నలుగుతాయి.

చివరగా కొత్త సీళ్లు వేసి, ఇరుసు నట్టును మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కు బిగించండి. చక్రం ఊగకుండా, తేలికగా తిరిగితేనే బండిని రోడ్డెక్కించండి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి: తీసేటప్పుడు లోపలి రేస్‌పై కొట్టవచ్చు, ఎక్కించేటప్పుడు కొట్టరాదు. ఎందుకు?